దూది వేసి కట్టిన పెట్టె

షట్టరుకి రెండు తాళాలు వేలాడుతున్నాయి.

కుడివైపుది సిలార్‌ది. పాత ఇత్తడి తాళం. ఎడమవైపుది నిన్న గొడవయ్యాక కలీం బజారుకెళ్ళి కొనుక్కొచ్చింది. ఇంకా మెరుపు పోలేదు. ఒక్క తాళం తీస్తే షట్టరు లేవదు. రెండూ తీయాలంటే అన్నదమ్ములిద్దరూ ఒకేసారి వచ్చి వంగాలి. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

షట్టరు ముందు మెట్టు మీద కనిగిరి యలమందయ్య కూర్చుని ఉన్నాడు. పక్కనే గోతాం కప్పిన కంప్యూటరు పెట్టె. తొలి బస్సుకి దిగాడాయన. రోహిణి కార్తె మొదలైన రోజు. ఒంగోలు ఎండ తొమ్మిదింటికే నెత్తి మాడుస్తోంది.

"సిలారూ! ఒరేయ్ కలీమూ! కర్నూలు రోడ్డంతా నన్నే చూస్తంది. తీస్తారా, ఈ పెట్టె ఇక్కడే పగలగొట్టేదా?"

షాపు వెనకున్న ఇంట్లోంచి, పక్కసందు గేటు గుండా వాళ్ళ అక్క జానీబీ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ముందు దాహం తీర్చుకో అన్నా."

"దాహం సంగతి తర్వాత జానమ్మా. నా బతుకు చూడు. పెళ్ళిళ్ళ రోజులు. శుభలేఖ కొడుతున్నా. పెళ్ళికొడుకు పేరు కొట్టా. చి.ల.సౌ. అని కూడా కొట్టా. పెళ్ళికూతురు పేరు కొట్టబోతే టప్పుమని ఆగింది. ఒకటే కాలిన వాసన. ఆ పిల్లోడు ఎవర్ని చేసుకోవాలి చెప్పు? చి.ల.సౌ.నా?"

ఇంకో రోజైతే జానీబీ నవ్వి ఉండేది. ఆ మాటకి వరండాలోంచి సిలార్ గొంతు లేచింది.

"విన్నావా? ఉగాది తర్వాత ఇది ఐదోది. పొదిలిది పోయింది, కందుకూరుది పోయింది, దర్శివి రెండు పోయినయ్. ఇప్పుడు కనిగిరి. ఐదుకి ఐదూ ఎర్ర డబ్బాలే."

కలీం లోపల గదిలో ఉన్నాడు. "విన్నాను," అన్నాడు. అంతే.

జానీబీకి నిన్నటినించి ఒళ్ళు బరువుగా ఉంది. కేకలు వినీ వినీ కాదు, మధ్య మధ్య వచ్చే ఈ నిశ్శబ్దాలు మోసి మోసి. యాభై రెండేళ్ళు ఆమెకు. తల్లి పోయేనాటికి సిలార్‌కి ఎనిమిదేళ్ళు, కలీం ఇంకా పాలు మానలేదు. పెరట్లో దూది ఏకే మిషను తిప్పి, పరుపులు కుట్టి, తమ్ముళ్ళిద్దర్నీ పెంచింది. ఒకణ్ణి రేడియో మెకానిక్కుని చేసింది, ఇంకొకణ్ణి పాలిటెక్నిక్ దాకా చదివించింది.

"తాళాలు తీయండిరా," అంది, గొంతు పెంచకుండా. "కొట్టుకుంటే లోపలికెళ్ళి కొట్టుకోండి. కనిగిరి నించి వచ్చినాయన్ని ఎండన కూర్చోబెట్టే ఇల్లు కాదు ఇది."

ఇద్దరూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా షట్టరు ముందు వంగారు. భుజాలు తగిలాయి. ఇద్దరికీ నడినెత్తిన ఒకే చోట సుడి. ఆమె చేత్తో నూనె పెట్టిన తలలే రెండూ.

తాళాలు రెండూ ఊడి వచ్చాయి. షట్టరు పైకి లేచింది.

*

షాపులో ఎదురుగా అద్దాల బీరువా. కుడి అరలో నీలి డబ్బాలు, ఎడమ అరలో ఎర్ర డబ్బాలు.

కంప్యూటరు మొత్తానికి మెదడు లాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది. ప్రాసెసరంటారు. ఆ బిళ్ళల్ని చేసే కంపెనీలు రెండు. ఒకరిది నీలి డబ్బా, ఒకరిది ఎర్ర డబ్బా. ఎక్కడో సముద్రాల అవతల ఆ రెండు కంపెనీలూ ఎవరి బిళ్ళ ఎక్కువ వేగంగా నడుస్తుందో తేల్చుకుంటున్నాయి. ఒకరు ఓ నంబరు ప్రకటిస్తే వారం తిరక్కుండా రెండోవాళ్ళు దాని మీద ఇంకో నంబరు ప్రకటిస్తారు. ఆ పోటీ ఈ ఇంట్లోకి వచ్చి రెండు నెలలయింది. సిలార్‌ది నీలి డబ్బా. కలీంది ఎర్ర డబ్బా. ఊళ్ళో ఆఫీసులవాళ్ళు సిలార్‌ని అడిగి నీలిది పెట్టించుకుంటారు. పల్లెల వైపు నించి వచ్చేవాళ్ళు, తక్కువలో ఎక్కువ పని కావాలనేవాళ్ళు, కలీం చేత ఎర్రది పెట్టించుకుంటారు.

ఇవాళ నాలుగింటికి నీలి డబ్బా వాళ్ళ ఏజెంటు విజయవాడ నించి వస్తాడు. వాళ్ళ బోర్డు కడతాడు. షాపుకి ఏసీ పెట్టిస్తాడు. ఒక్కటే షరతు. సంతకం అయిన దగ్గర్నుంచి ఆ గడపలో ఎర్ర డబ్బా కనపడకూడదు.

"ఆ సంతకం పడితే నేనుండను," అన్నాడు నిన్న కలీం. సింగరాయకొండలో స్నేహితుడికి ఖాళీ గది ఉందట. అక్కడ విడిగా పెట్టుకుంటాడట.

యలమందయ్య పెట్టెని బల్ల మీదికి ఎత్తాడు. కలీం స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

సిలార్ పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఆగు. బిగించేది నువ్వు. తిరిగొచ్చినవి విప్పేది నేను. షాపు పెట్టిన రోజు అనుకున్న మాట."

"ఇదొక్కటి నన్ను విప్పనియ్యి."

"ఏం, నా మీద నమ్మకం లేదా?"

కలీం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఫ్యాను తిరుగుతుందో లేదో చూడు."

"చూస్తాలే."

పెట్టెని భుజాన వేసుకుని సిలార్ పెరటివైపు వెళ్ళిపోయాడు.

యలమందయ్య కలీం వైపు చూశాడు. కుర్రాడి మొహం చూసి కాస్త తగ్గాడు. "నీ మీద కోపం కాదబ్బాయ్. నీ చెయ్యి మంచిదే. ఆ బిళ్ళే మంచిది కాదు."

"బిళ్ళ మంచిదే బాబాయ్," అన్నాడు కలీం. "నా గదిలో నాలుగు నెలల్నించి అదే బిళ్ళ రాత్రింబవళ్ళు నడుస్తంది. ఒక్కనాడు ఆగలా. అదే నాకు అర్థం కావట్లా."

పావుగంటకి సిలార్ తిరిగొచ్చాడు. అరచేతిలో బిస్కట్టంత బిళ్ళ. మధ్యలో గోధుమరంగు మచ్చ.

"కాలింది."

"ఫ్యాను?"

"బాగానే ఉంది."

"తిరుగుతుందా?"

"తిరుగుతుందని చెప్తున్నా గదా!"

కలీం ఆ బిళ్ళని వెలుతురికి పట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనే మూత తీసిన డబ్బాలో అలాంటివే నాలుగు మచ్చల బిళ్ళలు ఉన్నాయి. దీన్నీ వాటి పక్కన పెట్టాడు.

"అయితే బిగించడంలోనే నేనేదో తప్పు చేస్తన్నా," అన్నాడు.

యలమందయ్య ఆ ఐదు మచ్చల్నీ ఒక్కొక్కటే చూశాడు.

సిలార్ బీరువా పక్కన తయారుగా ఉన్న నీలి డబ్బా మిషన్ని తెచ్చి యలమందయ్య ముందు పెట్టాడు. "ఇది పట్టుకెళ్ళు. ముందు నీ పెళ్ళికూతురు సంగతి చూసుకో. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

జానీబీ అలవాటుగా లోపలికెళ్ళి దూది బుట్ట తెచ్చింది. దూరం వెళ్ళే పెట్టెల్ని ఆమే కడుతుంది. ఉగాది ముందు ఒక మిషను బస్సు టాపు మీద దబదబా ఎగిరి సొట్టలు పడి వెనక్కొచ్చింది. "ఆ తెల్ల థర్మోకోలు ఏం ఆపుద్దిరా," అని అప్పటినించి తనే పూనుకుంది. రెండుసార్లు ఏకిన దూది అట్టపెట్టెలో చుట్టూ కూరి, పరుపు కుట్టే సూదితో గోతాం కుట్టి పంపేది. చంటిపిల్లని పంపినట్టు పంపుతావక్కా అని కలీం నవ్వేవాడు.

"వద్దక్కా!" అన్నాడు సిలార్. గట్టిగా అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది.

"దూదేం వద్దు. అట్టాగే తీసుకెళ్తాడు."

"బస్సులో దెబ్బ తగుల్తదేమోనయ్యా," అన్నాడు యలమందయ్య.

"ఒళ్ళో పెట్టుకో. పెళ్ళాన్ని కూర్చోబెట్టుకున్నట్టు జాగ్రత్తగా పెట్టుకో."

"నా పెళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుంటే కనిగిరి దాకా నేనుంటానంటావా?" అని యలమందయ్య తన మాటకి తనే నవ్వుకుంటూ, పెట్టెని చంటిపిల్లలా ఎత్తుకుని రిక్షా ఎక్కాడు.

జానీబీ బుట్టతో వెనక్కి నడిచింది. తన దూది కూడా వద్దయిపోయింది వీడికి అనుకుంది.

*

సిలార్ జుమ్మా నమాజుకి వెళ్ళాడు. కలీం వెళ్ళలేదు. గదిలో సంచి సర్దుతున్నాడు.

ఎవరైనా సంచి సర్దే చప్పుడు వింటే జానీబీ చేతిలో పని వదిలేసి వస్తుంది. పెళ్ళయిన రెండో ఏడు ఆమె భర్త లారీ మీద సూరత్ వెళ్తున్నానని సంచి సర్దుకున్నాడు. దారికి మంచినీళ్ళుండాలని మరచెంబు అందులో పెట్టింది ఆమే. ఆయనా రాలేదు, మరచెంబూ రాలేదు. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ బజార్లో మరచెంబు కనపడితే అదేనేమోనని మూత వైపు చూస్తుంది.

గుమ్మంలో కూర్చుంది. లోపలికి వెళ్తే సంచి లాక్కుంటానేమోనని భయం.

"సింగరాయకొండ ముప్పై కిలోమీటర్లే గదక్కా," అన్నాడు కలీం, ఆమె అడక్కుండానే.

"నేనేం అన్లేదే."

"నీ మొహం అంటంది."

కాసేపటికి ఆమే అడిగింది. "బిస్కట్టంత బిళ్ళ. అంత తొందరగా ఎందుకు పోద్దిరా? దేంతో చేస్తారు దాన్ని?"

కలీం మడతపెడుతున్న చొక్కా ఆపాడు. ఈ ప్రశ్న వాడికి ఎప్పుడూ ఇష్టమే. అందుకే అడిగింది. మాట్లాడుతున్నంతసేపు సంచి నిండదు.

"ఇసకక్కా. మొదట ఇసక."

"చీరాల ఒడ్డునుండే ఇసకా?"

"అట్టాంటిదే. దాన్ని కాచి, శుభ్రం చేసి, మళ్ళీ కాచి అరటిబోదెంత దిమ్మ తీస్తారు. దాన్ని అప్పడాల్లా పలచగా కోస్తారు. మొహం కనపడేంత నున్నగా తోముతారు. అప్పుడు ఆ అప్పడం మీద వెలుగుతో గీతలు గీస్తారు."

"వెలుగుతో గీతలేందిరా?"

"ఫోటో తీసినట్టు. అద్దం మీద పెద్ద బొమ్మ ఉంటది. దాంట్లోంచి వెలుగు పంపితే బొమ్మ చిన్నదై అప్పడం మీద పడుద్ది. వెలుగు పడ్డ చోట మందు పోసి కడిగితే గీత తేలుద్ది. దాని మీద ఇంకో పొర, ఇంకో బొమ్మ. అట్టా ఇరవైసార్ల పైన. ఒక్క అప్పడం తయారయ్యేసరికి రెండు నెలలు పడుద్ది."

"రెండు నెలలా! నేను రెండు నెలల్లో ఎన్ని పరుపులు కుడతా."

"నీ షెడ్డులో చెయ్యలేరక్కా దాన్ని," అని నవ్వాడు, చాలా రోజుల తర్వాత. "ఆ గదుల్లోకి గాలిని కూడా వడగట్టి వదుల్తారు. లోపలికెళ్ళే మనిషి నెత్తి నించి కాలిదాకా తెల్లబట్ట వేసుకోవాలి. కళ్ళు తప్ప ఏం కనపడకూడదు."

అన్నం గిన్నెతో వచ్చిన ఉజ్మా, సిలార్ భార్య, గుమ్మంలో ఆగింది. "మగాళ్ళు కూడానా?"

"మగాళ్ళు కూడా వదినా."

"మంచిపని. మీ అన్నకి ఒకటి కుట్టించండి. ఎండలో వేసుకుని తిరిగితే తెలుస్తది." గిన్నె కింద పెట్టింది. "రాత్రీ తిన్లేదు. ఇదన్నా తినండి. మీరు వాళ్ళ కంపెనీల కోసం పస్తులుంటే వాళ్ళకేం తెలుస్తది?"

ఆమె వెళ్ళాక గిన్నె అలాగే ఉంది.

"ఎందుకురా అంత శుభ్రం?" అంది జానీబీ.

"నలుసు పడితే పోయిందక్కా. కంటికి కనపడని నలుసు. అది గీత మీద పడితే ఆ బిళ్ళ పనికిరాదు. ఒక అప్పడంలోంచి రెండొందల బిళ్ళలు కోస్తారనుకో. ఒకేరోజు పుట్టినయ్యే అన్నీ. పరీక్ష పెడతారు. వేడిని తట్టుకుని పరిగెత్తినదానికి పెద్ద నంబరు కొడతారు. ఆయాసపడ్డదానికి చిన్న నంబరు కొడతారు."

"ఆయాసపడ్డదాన్ని పారేస్తారా?"

"పారేయరు. చిన్న నంబరుతో అమ్ముతారు. దాని పని అదీ చేస్తది."

జానీబీ అన్నం గిన్నె మీద మూత పెట్టింది. "వాళ్ళిద్దరికీ ఎందుకురా అంత పగ? ఆ కంపెనీలోళ్ళకి?"

"ఒకప్పుడు కలిసే ఉండేవాళ్ళంట. నీలోళ్ళ బొమ్మ తీసుకుని ఎర్రోళ్ళు కూడా అదే బిళ్ళ చేసిచ్చేవాళ్ళు. ఒప్పందం ఉండేది. తర్వాత తెగింది. ఏళ్ళ తరబడి కోర్టులో కొట్టుకున్నారు."

"ఎందుకు తెగింది?"

"ఒకరి మాట ఒకరు నమ్మటం మానేశారు."

కలీం చొక్కా సంచిలో పెట్టాడు. దాని మీద ఇంకోటి పెట్టాడు. జానీబీ దగ్గర ఇంక ప్రశ్నలు లేవు.

లేచి పెరట్లోకి వెళ్ళింది.

*

షెడ్డులో పర్చూరు పత్తి రెండు బస్తాలు వచ్చి ఉన్నాయి. చేతికి పని లేకపోతే ఆమె నిలవలేదు. మిషను వేద్దామని ముందు మూలనున్న తుక్కు దూది కుప్పని పక్కకి తోసింది.

చేతికి గట్టిగా ఏదో తగిలింది.

దూది ముద్ద. ఉసిరికాయంత. తాడు పేనినట్టు గిరగిరా చుట్టుకుని బిగుసుకుంది. ఒక అంచు నల్లగా కమిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కాలిన వాసన. యలమందయ్య పెట్టెలో వచ్చిన వాసనే.

ముద్దని విప్పి చూసింది. పొడుగు పోగు. రెండుసార్లు ఏకింది. ఏ పత్తి ఎవరు ఏకారో ఆమెకు కళ్ళు మూసి చెప్పడం చాతనవును. ఇది ఆమెదే.

ఆమె మిషను దగ్గర దూది ఇట్టా పేనుకోదు. ఏదో గుండ్రంగా తిరిగేదానికి చుట్టుకుంటే తప్ప ఇట్టా కాదు.

కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో కెలికింది. ఇంకోటి దొరికింది. ఇంకోటి. అడుగున దుమ్ము పట్టిపోయి ఇంకోటి. నాలుగు. అన్నిటికీ నల్లటి అంచులే.

దూదిని దాచడానికి దూది కుప్పని మించిన చోటు లేదు. దాచినవాడు బాగానే ఆలోచించాడు. కాకపోతే ఆ కుప్ప ఎవరిదో మర్చిపోయాడు.

తను కూరిన దూది. అట్టపెట్టె చుట్టూ, సందుల్లో, వెనకవైపు గాలి వెళ్ళే చిల్లుల మీద కూడా, దెబ్బ తగలకూడదని. బస్సు కుదుపులకి చిల్లుల్లోంచి లోపలికి జారింది. అక్కడ కంప్యూటరు వేయగానే ఫ్యాను దాన్ని లాక్కుంది. బిళ్ళ చల్లబడే దారి మూసుకుపోయింది.

ఐదు పెట్టెలు. ఐదూ తన చేత్తోనే కట్టింది. బస్సెక్కి పల్లెలకి పోయేవన్నీ ఎర్రవే; ఊళ్ళోవాళ్ళ నీలివాటికి దూది అక్కర్లేదు.

ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. గుమ్మంలో నీడ పడింది. సిలార్ నమాజు నించి వచ్చాడు. ఇంకా టోపీ తీయలేదు. ఆమె ముందున్న ముద్దల్ని చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు. వెళ్ళి మిషను స్విచ్చి నొక్కాడు. పత్తి వేయని మిషను ఊరికే గరగరా తిరగసాగింది. మాటలు బయటికి పోకుండా.

"ఫ్యాను బాగానే ఉందన్నావు," అంది జానీబీ.

సిలార్ బస్తా మీద కూర్చున్నాడు.

"ఎప్పటినించి తెలుసు నీకు?"

"మొదటిది చూసినప్పుడు ఏదో పొరపాటున పడిందనుకున్నా. తీసి పారేశా. రెండోది కందుకూరుది. అప్పుడు తెలిసింది."

"అంటే మూడోది నేను కట్టేటప్పుడు తెలుసు. నాలుగోది కట్టేటప్పుడు తెలుసు."

"ఒకసారి చెప్పా గదా, దూదెందుకక్కా దండగ, థర్మోకోలు పెడదామని. నువ్వే నవ్వావు."

"అట్టా చెప్తే నాకేం తెలుస్తది రా? నీ దూది వల్ల కాలిపోతన్నయ్ అని చెప్పాలి గదా!"

"చెప్తే?" అన్నాడు సిలార్. "చెప్తే కలీం ఏమంటాడు? కంప్యూటర్ల పక్కన దూది ఏందంటాడు. షెడ్డు ఎత్తేయమంటాడు. మిషను తీసేస్తే నువ్వేం చేస్తావు? ఈ చప్పుడు ఆగిన రోజు నువ్వు ఎట్టా ఉంటావో నాకు తెలియదా? నాయన పోయినప్పుడు మూడ్రోజులు ఆపితే నాలుగోరోజు నువ్వు జ్వరం పడ్డావు."

"నా కోసమంటావు."

"నీ కోసమే."

జానీబీ చూస్తూనే ఉంది. చిన్నప్పుడు అబద్ధం చెప్తే ఇలాగే చూసేది. అప్పుడూ ఎక్కువసేపు ఆగేవాడు కాదు.

"మొదట నీ కోసమే," అన్నాడు.

"తర్వాత?"

సిలార్ టోపీ తీసి చేతుల్లో మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"తర్వాత నీలోళ్ళ ఏజెంటు వచ్చాడు. నాకు ముప్పై మూడేళ్ళక్కా. ఇంకా కాలుతున్న సోల్డరింగు కడ్డీ పట్టుకునే కూర్చోవాలా? కలీం చదువుకున్నాడు. వాడు యాడికెళ్ళినా బతుకుతాడు. నాకు ఈ షాపు తప్ప ఏముంది? ఎర్ర డబ్బాలు వాటంతట అవే పోతన్నయ్. నేనేం చెయ్యలేదు. చెప్పలేదు, అంతే."

"వాడు తన చెయ్యే తప్పు చేసిందనుకుంటన్నాడు."

"తెలుసు."

"అక్కడికెళ్ళి కూడా అదే అనుకుంటాడు. ప్రతి పెట్టె బిగించేటప్పుడూ అనుకుంటాడు."

"సంతకం అయిపోనీ అక్కా. నాలుగింటికి ఏజెంటు వచ్చి పోతాడు. తర్వాత నేనే సింగరాయకొండ వెళ్ళి చెప్తా. ఒట్టు."

"వెళ్ళినోళ్ళకి ఎవరు చెప్తార్రా, వెళ్ళాక?"

సిలార్ ఆమె కాళ్ళ దగ్గరికి జరిగాడు. "ఇప్పుడు చెప్తే వాడు ఉంటాడనుకుంటన్నావా? నా మొహం చూస్తాడా? ఇప్పుడైతే డబ్బాల కోసం విడిపోతాం. రంజానుకి వస్తాడు, బక్రీదుకి వస్తాడు. నువ్వు చెప్తే మాత్రం నా గడప తొక్కడక్కా. నువ్వు పోయినా తొక్కడు."

అందులో అబద్ధం లేదు.

మిషను గరగరలాడుతోంది. దాని లోపల ఏమీ లేదు.

జానీబీ నాలుగు ముద్దల్నీ ఏరి కొంగున ముడి వేసుకుంది. లేచి మిషను ఆపింది. చప్పుడు ఆగేసరికి చెవుల్లో హోరు మిగిలింది.

"అక్కా," అన్నాడు సిలార్.

ఆమె తలుపు తీసింది.

*

మూడయింది. సంచి షాపులో నేల మీద ఉంది, నోరు కట్టేసి. దాని పక్కన కలీం సొంత మిషను, నాలుగు నెలల్నించి ఆగకుండా నడుస్తున్న ఎర్ర డబ్బా మిషను. వైర్లు ఊడదీసి పక్కన చుట్టలుగా పెట్టాడు. అట్టపెట్టె తెరిచి ఉంది. గోతాం ఉంది. పరుపు కుట్టే పెద్ద సూది ఉంది.

ఆ పెట్టె గది దాటి ఎప్పుడూ బస్సెక్కలేదు. అందుకే అది ఒక్కటీ కాలలేదు. జానీబీకి ఇప్పుడు తెలిసింది. వాడికి ఇంకా తెలియదు.

"వచ్చావా," అన్నాడు కలీం. "మూడున్నర బస్సు. నీ కోసమే చూస్తన్నా."

ఎర్ర డబ్బాల అర ఖాళీ అయిపోయింది. అద్దంలో ఆ ఖాళీ అరలోంచి జానీబీకి తన మొహం కనపడింది.

ఉజ్మా గోడకి ఆనుకుని నిలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, తుడుచుకోవట్లేదన్నట్టు మొహం పక్కకి పెట్టింది. సిలార్ పెరటి గుమ్మంలోకి వచ్చి ఆగాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

కలీం అన్న వైపు చూడలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు.

"ఇందాక నించీ ఆలోచించానక్కా. తప్పు బిళ్ళది కాదు, నాదే. నాకు బిగించడం రాలేదు. అక్కడికెళ్ళాక కొన్నాళ్ళు పెట్టెలు చెయ్యను. ఉన్నవాటికి రిపేర్లు చేస్తా. చెయ్యి కుదిరాక చూద్దాం."

ఆ మాటకి సిలార్ తల దించుకున్నాడు. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలాయి. అనలేదు. జానీబీ చూసింది. వాడే అంటే బాగుండునని చాలాసేపు ఎదురు చూసింది. వాడు అనలేదు.

"ఇది మాత్రం పాడవకూడదు," అన్నాడు కలీం, తన మిషను మీద చెయ్యి వేసి. "నా చేత్తో చేసినవాటిల్లో బతికింది ఇదొక్కటే. మంచి దూది తేక్కా, పర్చూరుది. నాలుగు వైపులా కూరు. నువ్వు కట్టినట్టు ఎవరూ కట్టలేరు."

బయట రోడ్డు మీద రిక్షా ఆగింది. బస్టాండుకి తీసుకెళ్ళడానికి కలీమే రమ్మన్నాడు. రిక్షావాడు బెల్లు కొట్టాడు.

"దూది వద్దురా," అంది జానీబీ.

కలీం తలెత్తాడు. "ఏం?"

గుమ్మంలోంచి సిలార్ తల అడ్డంగా ఊపాడు. అతి మెల్లగా. చిన్నప్పుడు కొట్టొద్దక్కా అని ఊపినట్టే. నడినెత్తిన సుడి, మొదటిసారి ఆమెకు అందులో నాలుగు తెల్లవెంట్రుకలు కనపడ్డాయి.

రిక్షావాడు మళ్ళీ బెల్లు కొట్టాడు.

జానీబీ కొంగుముడి మీద వేళ్ళు పెట్టింది. తను వేసిన ముడే. బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగితే ఊడట్లేదు.

"ఏముందక్కా అందులో?" అంటూ కలీం సూది పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. ఆమె వేళ్ళు పక్కకి తప్పించి, ముడిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఉండు, నేను విప్పుతా."